కంకణానికి ముందొక రాగం

“తీసెయ్ దాన్ని నా కండ్ల ముందర్నుంచి!”

షరీఫ్ ఒక్క తోపు తోసేసరికి స్టీలు గిన్నె దొర్లి పడసాలంతా నీళ్లయింది. గిన్నెలో ఉన్న కట్టుడు పండ్ల సెట్టు నాపబండల మీద జారుకుంటూ పోయి తలుపు మూల ఆగింది. పైవరస, కిందివరస, రెండూ తెల్లగా మెరుస్తూ ఎవరినో చూసి నవ్వుతున్నట్టే ఉన్నాయి.

సైదున్నీసా వంగి వాటిని ఏరుకుంది. ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్లో ఆమె బేరానికి దిగితే అంగడివాళ్లే దండం పెట్టి తూకం వేస్తారు. అట్లాంటి మనిషి, కొత్త పండ్లు వచ్చిన ఈ నాలుగు రోజులుగా మొగుడి ముఖం చూడలేక నేలచూపులు చూస్తోంది.

“కడిగి పెడతా. మళ్లా ఒగసారి పెట్టుకొని చూడు. రోంత అలవాటు కావాల అని డాక్టరు చెప్పినాడు గదా.”

“అలవాటా? ఈ పొద్దు బుధవారం. ఆదివారం కచేరీ. నేనూదుతాంటే పైవరస ఊడి కిందికొస్తాంది. జనం నా రాగం వినాల్నా, ఆ పండ్ల టకటక వినాల్నా?”

పండ్లు లేని నోట్లోంచి మాటలు సగం గాలిగా వస్తున్నాయి.

తెలియనివాళ్లు క్లారినెట్‌కు ఊపిరీ వేళ్లూ ఉంటే చాలనుకుంటారు. చాలవు. పై పండ్లు మౌత్‌పీసును అదిమి పట్టుకోవాలి, కింది పెదవి కిందనుంచి రీడును, అదే స్వరం పలికే సన్నటి రెల్లుముక్కను, మోయాలి. నలభై నాలుగేళ్లు అట్లా పట్టీ పట్టీ షరీఫ్ ముందరి పండ్లకు గాడి పడింది. కండ్లు మూసుకుని పెట్టుకున్నా మౌత్‌పీసు పోయి ఆ గాడిలో కూర్చునేది. నెలన్నర కిందట ఆ గాడిని, నోట్లో మిగిలిన పండ్లన్నిటితో సహా పీకించింది ఏ శత్రువో కాదు, సైదున్నీసాయే.

ఎందుకంటారా? ఒక ఫోటో కోసం.

పోయిన ఉగాదికి పులివెందులలో షరీఫ్‌కు ‘నాదకేసరి’ అని బిరుదిచ్చారు. మరునాడు పేపర్లో ఫోటో పడింది. శాలువా బాగుంది, పూలదండ బాగుంది. నవ్విన నోట్లో మాత్రం గాడి పడిన నాలుగు పండ్లూ, వాటి చుట్టూ సందులూ. పక్కింటి రామేశ్వరమ్మ పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, “సైదక్కా, మీ ఆయన నగితే మా గొర్రెల దొడ్డి తడిక మాదిరుంది గదక్కా!” అని పడీపడీ నవ్వింది. సైదున్నీసా కూడా నవ్వింది. కానీ ఆ మాట లోపల ముల్లై ఉండిపోయింది. జమ్మలమడుగు సంగీత సభవాళ్లు సన్మాన కంకణం కడతామని కబురు పెట్టిన రోజే ఆమె తీర్మానించుకుంది. ఈసారి ఫోటోలో ఆయన రాజు మాదిరి నవ్వాలి.

షరీఫ్ వద్దనలేదు. “నువ్వు చెప్తే సరే,” అన్నాడు. చిగుళ్లు మానినాక కొత్త పండ్లతో మామూలుగా ఊదుకోవచ్చనే ఆయన కూడా అనుకున్నాడు. ఇద్దరూ అమాయకులే.

సాయంత్రం పాఠాలు చెప్పి బడి నుంచి కూతురు తస్లీమా వచ్చేటప్పటికి తల్లి ఇంకా బండలే తుడుస్తోంది. తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. క్లారినెట్ పెట్టె బీరువా మీదికి ఎక్కింది. ఆ ఇంట్లో ఆ పెట్టె ఎప్పుడూ మంచం తలాపున ఉంటుంది. ఎవరైనా చనిపోయిన రోజు తప్ప బీరువా ఎక్కదు. తస్లీమా హ్యాండ్‌బ్యాగు కూడా దించకుండా తల్లి ముందు నిలబడింది.

“ఈ పొద్దు కూడా మోగల్యా?”

“ల్యా.”

“నన్నొగ మాట అడిగింటే ఏమవుతాండె మా? ఫోన్ ల్యాదా నీ దగ్గర?”

“పండ్లు కట్టించేదానికి నీ పర్మిషన్ కావాల్నా? బళ్లో పిల్లోళ్లకు చెప్పినట్టు నాకు చెప్పాకు.”

“సరే, నీకు తెలీదు. ఆ డాక్టరుకన్నా తెలీదా? నేను పిప్పిపన్నుకు పోయినప్పుడు పేరు, వయసు, ఏం పని చేస్తావు, అన్నీ అడిగి రాసుకున్నాకనే కుర్చీ ఎక్కించినాడే. నాయన్ను అడగల్యా?”

సైదున్నీసా గుడ్డ పిండింది. పిండిన గుడ్డనే మళ్లీ పిండింది.

“నిన్నే మా. అడిగినాడా, ల్యాదా?”

“గుర్తు ల్యా. పో, పోయి మొగం కడుక్కో.”

అబద్ధమాడటం సైదున్నీసాకు చేతకాదు. చెవులు ఎర్రబడతాయి. తస్లీమా ఆ చెవులు చూసింది, తల్లి పట్టుకున్న బకెట్టు చూసింది, దాన్ని తానే అందుకుంది. గోడవైపు తిరిగిన మనిషి నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు.

గురువారం పొద్దున్నే వాకిట్లో మోటారుసైకిల్ ఆగింది. ముందు కూర్చున్నది తిరుపాల్. లింగాల దగ్గర గొర్రెల మందలున్న ఇంట్లో పుట్టి, గొర్రెలు వద్దని డోలు పట్టిన మనిషి. ఇరవై ఆరేళ్లుగా షరీఫ్ క్లారినెట్ పక్కన ఆ డోలు తప్ప ఇంకో డోలు మోగలేదు. వెనక కూర్చుని కార్డుల కట్ట పట్టుకున్నది జమ్మలమడుగు సంగీత సభ కార్యదర్శి చిన్నన్న. హెడ్‌మాస్టరుగా రిటైరయినా అందరికీ ఇప్పటికీ చిన్నన్న సారే.

“షరీఫన్నా, తిరుపాలు దావలో చెప్పినాడు. నిజమేనా?”

షరీఫ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. నోరు తెరిచి చూపించాడు.

చిన్నన్న సారు కార్డుల కట్ట మంచం మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

ఆ సభ సంగతి చెప్పకపోతే ఈ మనిషి ఎందుకు కూలబడ్డాడో అర్థం కాదు. యాభై రెండేళ్ల కిందట సభ పెట్టిన పెద్దాయన ఒక నియమం పెట్టి పోయాడు. కంకణం కట్టించుకునే విద్వాంసుడు, అదే రోజు, అదే వేదిక మీద, ముందొక రాగం వాయించాలి. రాగం ముగిశాకే కంకణం. వాయించని చేతికి కంకణం లేదు. ఒకసారి ఒక ఫిడేలు విద్వాంసుడు జ్వరంతో వణుకుతూ వచ్చి, పావుగంట మోహన వాయించి, కంకణం కట్టించుకుని అటునుంచటే ఆసుపత్రికి పోయాడు. ఆ రోజు హాలు వెనక నిలబడి చూసినవాళ్లలో ఇరవై రెండేళ్ల షరీఫ్ ఉన్నాడు.

అప్పట్నుంచి ఆయనకు ఆ కంకణమే కంకణం. మిగతా సన్మానాలకు లోటు లేదు. ట్రంకు పెట్టెలో నలభై ఒక్క శాలువాలు కలరా ఉండల వాసన కొడుతున్నాయి. అలమరలో పందొమ్మిది మెమెంటోలు, అన్నీ వీణ బొమ్మలే. క్లారినెట్ బొమ్మ చేయించాలని ఒక్క మారాజుకూ తోచలేదు. రెండు సన్మానపత్రాల్లో ‘సన్నాయి విద్వాంసులు’ అని అచ్చేశారు. పోనీలే అని ఆయన అవన్నీ తెచ్చి పెళ్లాం చేతికిచ్చేవాడు. తాత దూది ఏకి సన్నాయి పట్టిన ఇల్లు, తండ్రి పెండ్లి బ్యాండులో క్లారినెట్ ఊదిన ఇల్లు. ఆ క్లారినెట్‌నే కచేరీ వేదిక మీద కూర్చోబెట్టి తోడి రాగం పలికించినవాడు షరీఫ్. విన్నాక కట్టే కంకణం ఆ ఒక్క సభదే.

“కార్డులు పంచేసినాం గదన్నా,” అన్నాడు చిన్నన్న సారు. “కడప నుంచి, కర్నూలు నుంచి వస్తాండారు. ఇప్పుడు నువ్వు వాయించలేవంటే నేనేం జెయ్యాల?”

“వాయించలేనని నేనన్ల్యా.”

“నోరు చూపిచ్చినావు గదన్నా.”

తిరుపాల్ తన వేళ్లకు కాచిన కాయలు చూసుకుంటున్నాడు. సైదున్నీసా టీ తెచ్చి ఇచ్చి తలుపు పక్కన నిలబడింది.

చిన్నన్న సారు టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, చొక్కా జేబులోంచి చిన్న పెన్‌డ్రైవ్ తీశాడు.

“అన్నా, కోపం చేసుకోవాకు. పన్నెండేండ్ల కింద మా సభలో నువ్వు వాయించిన తోడి. నేనే రికార్డు చేయించినా. ఇరవై నిమిషాలు. నువ్వు స్టేజి మీద కూచొని క్లారినెట్ నోటికాడ పెట్టుకో. వేళ్లు ఆడించు. తిరుపాలు నిజంగానే డోలు కొడతాడు. మైకులో ఇది వస్తాది. ఎవరికీ తెలీదు. దొంగసొమ్మేం కాదు గదా, నీ తోడే గదన్నా!”

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆ మాట వినగానే సైదున్నీసాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తన తప్పు నలుగురిలో పడకుండా తేలిపోయే దారి దొరికింది కదా అనుకుంది. నోరు ఊరుకోలేదు.

“బాగుండాది గదా సారు చెప్పేది. ఇంటికొచ్చినాక నిదానంగా…”

షరీఫ్ ఆమెవైపు చూశాడు. అయిదు రోజుల్లో మొదటిసారి ఇద్దరి కండ్లూ కలిశాయి. ఆమె మిగతా మాట మింగేసింది.

ఆయన లేచాడు. కిటికీలో పెట్టిన గిన్నెలోంచి పండ్ల సెట్టు తీసి, నీళ్లు విదిలించి, తెచ్చి కార్డుల కట్ట మీద పెట్టాడు. ‘విద్వాన్ షరీఫ్ – క్లారినెట్’ అన్న బంగారు అక్షరాల మీద సరిగ్గా.

“అయితే వీటిని తీస్కపో సారూ.”

“అన్నా…”

“పోటోకు కావాల్సింది ఇవే గదా. రికార్డు నీ దగ్గరే ఉండె, పండ్లు ఇవిగో. నేనెందుకు మధ్యలో? వీటినే కుర్చీలో కూచోబెట్టి కంకణం కట్టు. నేనింట్లో ఉంటా.”

“అట్లంటే ఎట్లన్నా! సభ పరువు, నీ పరువు, రెండూ చూసే గదా చెప్తాండా.”

“నా పాత పాటకు నేను వేళ్లాడించేది పరువా? పెండ్లి బ్యాండులో కూడా ఆ పని చెయ్యల్యా మా నాయన. వానలో నానుతా ఊదినాడు గానీ, ఊదినట్టు నటించల్యా.”

చిన్నన్న సారు తలవంచుకున్నాడు. చెడ్డమనిషి కాదు. భయపడ్డ మనిషి, అంతే.

“ఆదివారం అయిదు గంటలకు రాగం మోగాల,” అన్నాడు చివరికి. “మోగకుంటే కంకణం ల్యా. నియమం నేను పెట్టింది కాదు. పేరు మార్చమంటావా, ఇప్పుడే చెప్పు.”

“మార్చాకు. వస్తా. వాయిస్తా.”

“దేంతో వాయిస్తావన్నా?”

“నోటితోనే సారూ. ఇంగ దేంతో?”

పెన్‌డ్రైవ్ మళ్లీ జేబులోకి పోయింది. చిన్నన్న సారు చెప్పులేసుకుని దిగిపోయాడు. తిరుపాల్ మాత్రం గడప దగ్గర ఆగి, “నువ్వు ఊదితే కొడతా మామా. ఊదకుంటే నా చెయ్యి ల్యావదు,” అని చెప్పి బండెక్కాడు.

వాళ్లు పోయాక షరీఫ్ ఒక్కటే మాట అడిగాడు.

“నీగ్గూడా బాగుండాదా?”

ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ బువ్వ తినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సైదున్నీసా చక్కెర కోసం రామేశ్వరమ్మ ఇంటికి పోయింది. ఆమె కోడలు సుధ కాఫీ కలుపుతూ, “అత్తా, రోంత వీన్ని పట్టుకో,” అని నాలుగు నెలల పిల్లోడిని ఒళ్లో వేసింది. ఆకలి మీదున్న పిల్లోడు దొరికిన వేలు దొరికినట్టు నోట్లో పెట్టుకుని గుంజడం మొదలుపెట్టాడు. వదిలించుకుందామంటే వదలడు. ఒక్క పన్ను లేదు. రెండు పెదవులూ, చిగుళ్లూ కలిసి ఏం పట్టు పట్టాడనుకున్నారు! వేలు నొప్పి పుట్టింది.

సైదున్నీసా వేలివైపు చూసింది. పిల్లోడి నోటివైపు చూసింది. పిల్లోడిని సుధ చేతిలో పెట్టి, చక్కెర సంగతి మరిచి, కొంగు జారుతున్నా చూసుకోకుండా ఇంటికి పరుగు పెట్టింది.

షరీఫ్ నమాజు నుంచి వచ్చేసరికి క్లారినెట్ పెట్టె బీరువా దిగి మంచం మీద తెరిచి ఉంది. కిటికీ పక్కన సైదున్నీసా కాళ్లు చాపుకుని రీడులు ముందేసుకుని కూర్చుంది. చేతిలో గాజుపెంకు.

రీడు గీకడం ఆమె పని. పెండ్లయిన కొత్తలో మొగుడు గీకుతుంటే చూసి, “నువ్వు ఆత్రంగాడివి, ఇటియ్యి,” అని లాక్కున్న పని. పెట్టెలో వచ్చే రీడులు గట్టిగా ఉంటాయి, గమకానికి లొంగవు. ఆ సన్నటి రెల్లుముక్కను గాజుపెంకుతో గీకి, వెలుగుకు పెట్టి చూసి, మళ్లీ గీకి, ఆయన పెదవికి తగ్గట్టు చేయాలి. వెంట్రుకవాసి ఎక్కువ గీకితే చెత్తకుప్పకే. నలభై ఏళ్లలో ఆయన పెదవి ఆమె గాజుపెంకుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

“ఏం జేస్తాండావు?”

“రెండు పెదవులూ లోపలికి మడుచు. పైది కూడా. పండ్లు ల్యాకుంటే చిగుర్లుండాయి గదా. సుధ కొడుక్కు పండ్లుండాయా? పాలు గుంజడంల్యా? నా వేలు చూడు, ఎట్ల కందిందో!”

“నీకు మతి పోయిందా? చిగుర్లింకా పచ్చిగా ఉండాయి.”

“అందుకే పలచగా గీకుతాండా. ఇంత పలచన ఎప్పుడూ గీకల్యా. గమ్మున పట్టు.”

మొదటి రీడు కీచుమంది. రెండోది గాలి తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. మూడోది ఆమె చేతిలోనే చీలింది. తస్లీమా బడి నుంచి వచ్చి, చప్పుడు చేయకుండా గోడకానుకుని కూర్చుంది. నాలుగో రీడుకు కింది స్థాయిలో ఒక స్వరం వచ్చింది. వణికింది, నిలబడలేదు, అయినా అది స్వరమే.

షరీఫ్ క్లారినెట్ దించాడు. మౌత్‌పీసు మీద ఎర్రటి చార ఉంది.

“చాల్లే. ఇంగ వద్దు. నీకెందుకింత మొండితనం?”

“తప్పు నాది గాబట్టి.”

“ఇద్దరం పోయినాం డాక్టరు దగ్గరికి. నీదొక్కదాందే ఎట్లయితాది?”

సైదున్నీసా గాజుపెంకు కింద పెట్టింది. చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి.

“నువ్వు బయట కూచోనుండావు. నన్ను లోపలికి పిలిచి అడిగినాడు. ‘ఆయన ఏం పని చేస్తాడమ్మా?’ అని.”

తస్లీమా తలెత్తింది.

“రిటైరయినాడు, ఇంట్లోనే ఉంటాడు అని చెప్పినా. క్లారినెట్ అని చెప్పల్యా. చెప్పినప్పుడల్లా ‘ఓహో, పెండ్లి బ్యాండా’ అంటారు. రేషన్ కార్డు కాడ అన్నారు, తస్లీమాను బళ్లో చేర్పించేకాడ అన్నారు, ఆసుపత్రిలో అన్నారు. కాదప్పా, కచేరీ అని మళ్లా చెప్పాల. నలభై ఏండ్లు చెప్పినా. ఆ పొద్దు చెప్పబుద్ధి కాల్యా. చెప్పింటే ఆయప్ప ముందరి పండ్లు ముట్టుకోకుండా ఉంటాండె.”



“నా పని చెప్పేదానికి సిగ్గుపడినావా?” అన్నాడు షరీఫ్.

“సిగ్గు కాదు.” ఆమె గాజుపెంకు మళ్లీ చేతిలోకి తీసుకుంది. “కాదేంది, సిగ్గే. సిగ్గుపడినా.”

తస్లీమా ఏడుస్తోంది. సైదున్నీసా ఏడవలేదు. తిడతాడని చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. షరీఫ్ మౌత్‌పీసు మీది చారను బొటనవేలితో తుడిచాడు. ఆ తర్వాత నాలుగో రీడు విప్పి ఆమె ముందు పెట్టాడు.

“కొన రోంత మందం ఉండాది. ఇంగొగటి గీకు.”

శనివారం పొద్దుగూకేటప్పటికి లెక్క తేలింది. కింది స్థాయి పలుకుతుంది, అదీ పది పన్నెండు నిమిషాలు. ఆపైన చిగుళ్లు ఓర్చుకోవు. పై షడ్జమం మాత్రం రాదు. ఎంత ప్రయత్నించినా గాలే.

“మోహన వాయించు నాయనా, తేలిక గదా,” అంది తస్లీమా.

“తోడే.”

“తోడికి పైస్థాయి ల్యాకుంటే ఎట్ల?”

“కిందే ఉంటా. పైకెక్కినోడే విద్వాంసుడని యాడ రాసుండాది?”

ఆదివారం అయిదు గంటలకు జమ్మలమడుగు హాలు నిండిపోయింది. నాలుగు వందల కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు. వేదిక మెట్ల దగ్గర సైదున్నీసా హ్యాండ్‌బ్యాగు తెరిచి, గుడ్డలో చుట్టిన పండ్ల సెట్టు వైపు ఒకసారి చూసింది.

“పోటోకన్నా పెట్టుకుంటావా, కంకణం కట్టేటప్పుడు?”

“పోటో ఎట్లొస్తే అట్లొస్తాది,” అని షరీఫ్ ఎక్కిపోయాడు.

ముందు వరసలో గుసగుసలు లేచాయి. నోరు లోపలికి పోయి, బుగ్గలు దిగి, పదేళ్లు పైబడినట్టున్న షరీఫ్‌ను చూసి ఎవరో, “పండ్లే ల్యావు, ఏమూదుతాడప్పా,” అన్నారు. సైదున్నీసాకు వినబడింది. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. ఆ గొంతు మళ్లీ లేవలేదు.

తిరుపాల్ డోలు సర్దుకున్నాడు. పళ్లెంలో కంకణం దీపం పక్కన మెరుస్తోంది. షరీఫ్ పెట్టె తెరిచి, క్లారినెట్ బిగించి, రీడును నాలుకతో తడిపి నోటిదాకా ఎత్తాడు. పెదవులు ఇంకా ఆనలేదు.

తోడి మొదలైంది.

హాలు నాలుగు మూలలనుంచీ, నిండుగా, కమ్మగా, నేరుగా పై షడ్జమం మీదికెక్కి నిలబడింది. పన్నెండేళ్ల కిందటి తోడి. గాడి పడిన పండ్లున్న షరీఫ్ తోడి. జనం ఆగలేక చప్పట్లు కొట్టారు. వేదిక పక్కన చిన్నన్న సారు రెండు చేతులూ జోడించి, నోటికాడ పెట్టుకో, పెట్టుకో అని కండ్లతోనే బతిమాలుతున్నాడు.

తిరుపాల్ చెయ్యి లేవలేదు. షరీఫ్ క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు అరచేతులూ తొడల మీద పరిచి, అందరికీ కనబడేట్టు నిటారుగా కూర్చున్నాడు.

తోడి సాగుతూనే ఉంది. చప్పట్లు ముందు వరసలో ఆగాయి, తర్వాత రెండో వరసలో. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఊదేది ఎవరప్పా?”

తస్లీమా చెయ్యి పట్టుకుని ఆపేలోపే సైదున్నీసా లేచింది. కుర్చీల మధ్యనుంచి నేరుగా మూలనున్న మైకు సెట్టు దగ్గరికి నడిచింది. సెట్టు నడిపే ఇమ్రాన్ కంగారుగా చూశాడు.

“ఆపప్పా దాన్ని.”

“సారు చెప్పినాడమ్మా. సారును అడగాల.”

“ఆపుతావా, ల్యాదా?”

“ఎవరమ్మా నువ్వు? పో, పోయి కూచో!”

గోడకున్న ప్లగ్గు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తోడి సగంలో తెగిపోయింది. వేదిక మీది మైకుల ఎర్రదీపాలు కూడా ఆరిపోయాయి. అన్నిటికీ అదొక్కటే వైరు. ఆ సంగతి ఆమెకు గుంజాకే తెలిసింది.

హాలంతా ఆమెవైపే తిరిగింది. నాలుగు వందల పైచిలుకు మంది. రేషన్ కార్డు రాసేవాళ్లు, బడి రిజిస్టరు రాసేవాళ్లు, డాక్టర్లు, అందరూ అక్కడే కూర్చున్నట్టనిపించింది ఆమెకు.

“ఎవరా?” అంది సైదున్నీసా. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. చివరి వరసలో నిలబడ్డవాళ్లకు కూడా వినబడింది. “ఆడ కూచోనుండాడే, క్లారినెట్ వాయిస్తాడు ఆయన. నేను ఆయన పెండ్లాన్ని. గమ్మునుండి వినండి.”

“మైకు ల్యాకుండా ఎట్లమ్మా!” చిన్నన్న సారు తల పట్టుకున్నాడు.

షరీఫ్ కూర్చున్నచోటునుంచి జరిగి వేదిక అంచుకు వచ్చాడు. తిరుపాల్ డోలు ఈడ్చుకుంటూ పక్కన చేరి, ఈసారి చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. షరీఫ్ పెళ్లాం వైపు చూసి, పన్ను లేని నోటితో, ఫోటోవాడి కెమెరా ముందే, నోరారా నవ్వాడు. రెండు పెదవులూ లోపలికి మడిచి మౌత్‌పీసు పట్టుకున్నాడు.

దగ్గు వచ్చినవాళ్లు కూడా ఆపుకున్నారు. క్లారినెట్‌లోంచి వచ్చింది గాలి. రెండోసారి కూడా గాలే. ఎవరో కుర్చీ జరిపి లేచిన చప్పుడైంది.

సైదున్నీసా ఆ వైరు వదల్లేదు, తన కుర్చీకి తిరిగి పోలేదు. షరీఫ్ క్లారినెట్ దించి, ఆమె గీకిన రీడును ఇంకొకసారి నాలుకతో తడిపి, మూడోసారి నోటికెత్తుకున్నాడు.